నారీ రక్షణ

చేవెళ్ల బజారులో సుగుణమ్మ బట్టల దుకాణం ఎవరినడిగినా చూపిస్తారు. ఆ దుకాణం మేడ మీది అర్రలో ఆమె కొడుకు ఏం చేస్తుంటాడని అడిగితే మాత్రం నవ్వి ఊరుకుంటారు. నవ్వక ఏం చేస్తారు? వెంకటేశం చేతికి గజంబద్ద ఇస్తే బట్ట కొలవడం మరిచిపోయి, దాన్ని గాలిలో ఆడిస్తూ ఎదురుగా లేని జనంతో మాట్లాడేవాడు. కొనడానికి వచ్చినవాళ్లు కాసేపు విని, ఆ మాటలు తమతో కాదని తెలిశాక పక్క దుకాణానికి పోయేవాళ్లు.

ఈ పిచ్చి ఆయనకు పట్నంలో పట్టింది. పెళ్లిళ్ల కాలానికి బట్టలు తేవడానికి పోయినవాడు, ఎక్కడో సభ జరుగుతుంటే లోపలికి తొంగి చూశాడు. ఎవరో ఒకాయన వేదిక మీద నిలబడి మాట్లాడుతున్నాడు. ఏం మాట్లాడాడో వెంకటేశానికి ఇప్పటికీ గుర్తులేదు. ఆయన చెయ్యెత్తితే వెయ్యి మంది ఊపిరి బిగబట్టడం మాత్రం గుర్తుండిపోయింది. వస్తూ వస్తూ గండిపేట కట్ట దగ్గర బండి ఆపించి, అన్ని నీళ్లూ తననే వింటున్నట్టు చాలాసేపు నిలబడ్డాడు. ఒక మూట బండిలోంచి జారి దారిలో పడిపోయిన సంగతి ఇంటికొచ్చాకగాని తెలియలేదు.

సుగుణమ్మ కొడుకును ఏమీ అనలేదు. మీది అర్ర ఊడ్పించి, "నీ తక్రీర్లేవో ఆడ చేసుకో బిడ్డా. కిందికి మాత్రం రాకు, గిరాకి పోతది" అంది. అలా మొదలైంది వెంకటేశం ఉపన్యాస పాఠశాల. విద్యార్థులు నలుగురు. ముగ్గురు బజారు వర్తకుల కొడుకులు, మధ్యాహ్నం ఎండకు ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కనక వచ్చేవాళ్లు. నాలుగోవాడు ఆలూరు రైతు కృష్ణయ్య. అతనొక్కడే పని ఉండి వచ్చాడు.

"మా ఊరి బాయికి మెట్లున్నయి పంతులూ" అని మొదలుపెట్టాడు కృష్ణయ్య, మొదటి రోజు గడప దగ్గరే నిలబడి.

"ఉంటే మంచిదే కదా?"

"మంచిది కాదు. అందరు మెట్లు దిగి నీళ్లల్ల కాళ్లు పెట్టి ముంచుకుంటరు. కాలికి పుండున్నోళ్లు గూడ గట్లనే దిగుతరు. ఆ పుండ్లకెల్లి పురుగు నీళ్లల్లకు పోతది, ఆ నీళ్లు తాగినోళ్ల కాళ్లల్ల మల్ల ఏడాదికి మొలుస్తది. దారమంత పురుగు. దవాఖాన డాక్టర్ సాబ్ చెప్పిండు."

ఆ డాక్టరు ఆలూరికి రెండుసార్లు వచ్చాడు. మంచి మనిషే, కానీ ఆయనకు తెలిసింది ఉర్దూ ఒక్కటే. జనం "హా సాబ్, హా సాబ్" అని తలలూపి, ఆయన గుర్రం ఊరు దాటగానే మెట్లు దిగి నీళ్లు ముంచుకున్నారు. విసిగి ఆయన, ఊళ్లో కాస్త ఉర్దూ తెలిసిన కృష్ణయ్యతో చివరి మాట చెప్పాడు. నెల తిరిగాక వచ్చే బుధవారం ఇంకొక్కసారి వస్తాను. మీలో ఎవరైనా మీ భాషలో చెప్పండి. ఊరంతా సరేనంటే మెట్లు మూసి, చుట్టూ గోడ కట్టి, గిరక పెట్టించమని పైకి రాస్తాను. లేకపోతే నా జాబితాలో వేరే ఊళ్లున్నాయి.

"నా పెండ్లాం సత్తమ్మకు నిరుడొకటి తీసినం, ఈ యేడు మల్లొకటి వచ్చింది. ఇప్పుడు ఐదో నెల" అన్నాడు కృష్ణయ్య, నేల చూస్తూ. "పుట్టేది గా నీళ్లే తాగుతది పంతులూ. నాకు మాట్లాడుడు నేర్పు."

ఊళ్లో అడ్డుపడేది ఎవరని వెంకటేశం అడిగాడు. పెంటమ్మ అనే ముసలావిడ అని చెప్పాడు కృష్ణయ్య. ఆ మెట్లు ఆమె అత్త కట్టించిందట. పన్నెండేళ్ల కింద ఒక్కగానొక్క కొడుకు పోయినప్పటినుంచి పొద్దంతా ఆ మెట్ల మీదే కూర్చుంటుందట. నా పానముండంగ ఒక్క రాయి కదలనియ్యనంటుంది, ఆమె వద్దంటే ఊరు వద్దంటుంది.

వెంకటేశానికి ఆ రోజు అన్నం సయించలేదు. ఆకలి లేక కాదు, ఆనందంతో. కంచం ముందు కూర్చొనే ఆలూరి సభ చూసేశాడు. కృష్ణయ్య చెయ్యెత్తుతున్నాడు, జనం ఊపిరి బిగబట్టారు, పెంటమ్మ కన్నీళ్లు తుడుచుకుంటోంది, వెనకాల ఎవరో "ఈయన గురువు ఎవరు?" అని అడుగుతున్నారు. భార్య అరుణాదేవి రెండుసార్లు పప్పు కావాలా అని అడిగి, జవాబు రాక గిన్నె ఎత్తుకుపోయింది.

మూడు వారాలు నేర్పాడు. నిటారుగా నిలబడాలి. జనం మొహాలు చూడొద్దు, వాళ్ల తలల మీదుగా దూరంగా చూడాలి. "మహాజనులారా" అన్నాక ఐదు లెక్కపెట్టాలి. కుడి చెయ్యి ధర్మం దగ్గర లేవాలి, ఎడమ చెయ్యి కష్టం దగ్గర దిగాలి. కృష్ణయ్య నాగలి పట్టిన చేతులు ఎక్కడ లేవాలో అక్కడ దిగేవి. అయినా మూడు పేజీల ఉపన్యాసం ఒక్క అక్షరం పోకుండా బట్టీ పట్టాడు, పొద్దున ఎడ్లకు కూడా వినిపించాడు. ఉపన్యాసానికి పేరుండాలి, ఆ పేరు జనానికి కనబడాలి అని వెంకటేశం తెల్ల గుడ్డ నాలుగు గజాలు చింపాడు. నీళ్లు మోసేది ఆడవాళ్లు, పుండ్లు వాళ్లకే ఎక్కువ. కనక పుస్తకాల భాషలో, జాజు ఎరుపుతో, జానెడేసి అక్షరాలు రాశాడు. నారీ రక్షణ. ఒక మూల కలువ కళ్ల ఆడమనిషి బొమ్మ, నడుము మీద కుండ.

"ఎట్లున్నది?" అని అడిగాడు.

చదువు రాని కృష్ణయ్య ఆ ఎరుపును చాలాసేపు చూశాడు. పేరు చదివి వినిపించాక ఒక్క క్షణం ఏదో అనబోయాడు. కానీ పంతులు మొహం దీపంలా వెలుగుతోంది. "మంచిగున్నది" అన్నాడు.

అసలు సభకు ముందు ఒకసారి పరాయి ఊళ్లో అలవాటు చేసుకోవాలని వెంకటేశం ఆలోచన. మొయినాబాదులో మేనమామ పరమేశ్వర్ దుకాణం అరుగు ఎత్తుగా ఉంటుంది. అంగడి రోజు ఇద్దరూ బండిలో బయలుదేరారు. ఎండ ఇంకా ముదరలేదు, దారి పొడుగునా తుమ్మపూల వాసన. చక్రాల చప్పుడు వెంకటేశానికి చప్పట్లలా వినబడుతోంది. మిట్ట ఎక్కినప్పుడు చప్పట్లు నెమ్మదించేవి, దిగేటప్పుడు జోరందుకునేవి. పక్కన కృష్ణయ్య పెదవులు కదుపుతూ ఉన్నాడు, గుడికి పోయే మనిషిలా.

అరుగు మీద గుడ్డ కట్టారు. అంగడికి వచ్చినవాళ్లు మూగారు. కృష్ణయ్య నిటారుగా నిలబడి, తలల మీదుగా దూరంగా చూస్తూ గొంతెత్తాడు. "మహాజనులారా!" ఐదు లెక్కపెట్టాడు. "నారీ రక్షణ మన పరమ ధర్మం!"

కుడి చెయ్యి సరిగ్గానే లేచింది. జనం మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు వరసలో హన్మయ్య అనే ముసలాయన కర్ర పక్కన పెట్టి, ధోవతి మోకాలి దాకా లాగి, కాలు ముందుకు చాపాడు. మడమ పైన పుండు. పుండులోంచి వచ్చిన తెల్లటి దారం ఒక చిన్న పుల్లకు చుట్టి ఉంది. ఆ పుల్లను గుడ్డపేలికతో కాలికి కట్టుకున్నాడు.

"ధర్మమో కాదో నాకెర్క లేదు గని కొడకా" అన్నాడు హన్మయ్య, "నేనైతే ఇరవై దినాలసంది రక్షిస్తనే ఉన్న. దినాం ఇంతంత చుట్టుకుంట, తెగకుంట, కంటికి రెప్పోలె. నా పెండ్లాన్ని గూడ గింత మంచిగ చూసుకోలే."

అంగడి అంగడంతా గొల్లుమంది. ఎవరో కల్లు కుండ దించి మరీ నవ్వారు. మొయినాబాదు నుంచి ఆలూరి దాకా ఆ పురుగు పేరు నారి. అది తప్ప ఇంకో నారి ఆ జనానికి తెలియదు. చేవెళ్లలో చేదబావి నీళ్లు తాగి పెరిగిన వెంకటేశం ఆ జబ్బును ఇంట్లో కురుపు అనగా విన్నాడంతే, అది కూడా ఎవరికో వచ్చిన కురుపు. కృష్ణయ్య నోట్లో మిగిలిన మూడు పేజీలు అక్కడే ఆగిపోయాయి. కుడి చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది, దాన్ని ఎప్పుడు దించాలో పాఠంలో లేదు.

తిరుగుదారిలో చక్రాలు ఉత్త చక్రాలే. చాలా దూరం వచ్చాక వెంకటేశం అడిగాడు. "నీకు ముందే తెలుసా?"

"నారి అంటే నారే గదా పంతులూ. రక్షణంటే తీసేసుడు గావచ్చు అనుకున్న. నువ్వు చదువుకున్నోనివి." కృష్ణయ్య గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని వెంకటేశం అనుకున్నాడు. "ఇంక ఆరు దినాలున్నది" అని మాత్రం అన్నాడు కృష్ణయ్య, ఆలూరు దారి మలుపులో దిగిపోతూ. మరునాడు పాఠానికి రాలేదు. ఆ మరునాడు కూడా రాలేదు.

మొహం చెల్లక వెంకటేశం మీది అర్ర ఎక్కడం మానేశాడు. దుకాణంలో ఒక మూలన బట్టల బేళ్ల మధ్య కూర్చున్నాడు. జ్వరం లేదుగానీ ఉన్నట్టే ఉంది. మిట్టమధ్యాహ్నం, వీధి ఎండలో తెల్లగా కరిగిపోతోంది. కళ్లు మూతపడితే గండిపేట నీళ్లు కనబడ్డాయి. నీళ్ల మీద చీరలు ఒకటొకటే విచ్చుకుంటున్నాయి, ఎర్రవి, పచ్చవి, వంకాయ రంగువి. ఎవరూ మాట్లాడటం లేదు. ఒడ్డున వెయ్యి మంది నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఇంత మందిని ఎవరు ఆపారని వెంకటేశం కలలోనే వెతికాడు. నీళ్ల అంచున గొంతుక్కూర్చుని చీరలు పరుస్తున్నది తన తల్లి.

కళ్లు తెరిచాడు. తల్లి నిజంగానే చీరలు పరుస్తోంది. ఎదుట మారెమ్మ అనే ఆవిడ, కూతురికి చీర కొనడానికి వచ్చింది. పుట్టినప్పటినుంచి చూస్తున్న పనే, వెంకటేశం ఆ రోజు మొదటిసారి చూశాడు. సుగుణమ్మ బేలు మొత్తం విప్పలేదు. ముందు బిడ్డ ఏ రంగుదని, ఏ పని చేస్తుందని అడిగింది. ఒక్క చీర తీసింది, అది బాగుందనలేదు. కొంగు తీసి మారెమ్మ చేతిలో పెట్టింది. తరవాత రెండోది, దాని పక్కనే. మూడోది పరిచాక నచ్చనివి చప్పుడు లేకుండా మడిచి వెనక్కి తీసేసింది. ఒక్కటే మిగిలింది. అప్పుడు సుగుణమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని వీధిలోకి చూస్తూ కూర్చుంది. ఈగ తిరిగే చప్పుడు వినబడేంతసేపు. మారెమ్మ వేళ్లు ఆ చీర అంచు మీద అటూ ఇటూ నడిచాయి. "ఇదియ్యమ్మా" అంది చివరికి, తనలో తాను అనుకున్నట్టు.

ఆమె పోయాక వెంకటేశం తల్లి దగ్గరికి జరిగాడు. "ఆఖరికి ఎందుకూకున్నవమ్మా? చీర మంచిదని చెప్పచ్చు గదా."

"నేను చెప్తే నా మాట ఇంటది. నేనూకుంటే దాని మనసు చెప్పేది ఇంటది" అంది సుగుణమ్మ, చీరలు సర్దుతూ. "బేలంత ఒక్కపారి గుమ్మరిస్తే కండ్లు చెదురుతయి కొడుకా. ఒక్కొక్కటి పెట్టాలె. మల్ల, గుడ్డ వాళ్ల చేతిల ఉండాలె. నీ నోట్ల ఉంటే ఏం లాభం?"

పట్నంలో వెయ్యి మందిని చూసి వచ్చిన మనిషి, ఇంట్లో ఉన్న గురువును ఇరవై ఎనిమిదేళ్లు చూడలేదు. సిగ్గేసింది, ఆ సిగ్గులోనే ఎక్కడో సంతోషం కూడా వేసింది. "అమ్మా, ఆలూరోళ్ల చేతిల పెట్టనీకి నా దగ్గర చీరలు లేవు గదే" అన్నాడు.

"వాళ్ల దగ్గర ఏమున్నదో పోయి అడుగు."

ఆ సాయంత్రమే నడిచి ఆలూరు పోయాడు. సత్తమ్మ ఇంటి ముందు కాలు చాపుకుని కూర్చుని ఉంది. కృష్ణయ్య ఆమె మడమ దగ్గర వంగి, పుల్లను ఒక్క చుట్టు తిప్పుతున్నాడు. ఊపిరి కూడా జాగ్రత్తగా వదులుతున్నాడు. తెగితే కాలు వాచిపోతుంది, ఒక్కోసారి మనిషే పోతాడు. వెంకటేశం ఆ చుట్టు పూర్తయ్యే దాకా నిలబడి, అప్పుడు అడిగాడు. "పురుగు మొత్తం వచ్చినంక ఆ పుల్ల ఏం చేస్తరు?"

"కింద పడేస్తే తొక్కినోళ్లకు అంటుతదని చూరుల చెక్కుతం" అన్నాడు కృష్ణయ్య. తల పైకెత్తి చూపించాడు. చూరు గడ్డిలో నిరుటి పుల్ల ఉంది, ఎండిన దారంతో. "అందరిండ్లల్ల గట్లనే."

ఇద్దరూ ఆ చూరు కిందే నిలబడిపోయారు. చుట్టూ ఇళ్లు, ప్రతి ఇంటికీ చూరు.

బుధవారం పొద్దెక్కాక వేపచెట్టు నీడలో ఊరు కూడింది. డాక్టరు ఒక మంచం మీద కూర్చున్నాడు. పెంటమ్మ బావి మెట్ల మీదనుంచి లేచి వచ్చి, అందరికంటే ముందు, చేతులు కట్టుకుని నిలబడింది. వద్దని చెప్పడానికే వచ్చానన్నట్టుంది ఆమె నిలబడిన తీరు. నారీ రక్షణ గుడ్డనే తెచ్చారు, కొత్త గుడ్డ పాడుచెయ్యడానికి సుగుణమ్మ ఒప్పుకోలేదు. తిరగేసి నేల మీద పరిచారు. అడుగునుంచి ఎర్రటి అక్షరాలు తిరగబడి లీలగా కనబడుతున్నాయి. వెంకటేశం వెనక కూర్చున్నాడు. నోరు తెరవనని తల్లికి మాటిచ్చి వచ్చాడు.

కృష్ణయ్య నిటారుగా నిలబడలేదు. గుడ్డ పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఒళ్లోంచి ఒక పుల్ల తీసి గుడ్డ మీద పెట్టాడు.

"ఇది మా ఇల్లు. నిరుడు."

ఇంకొకటి తీశాడు. "ఇది ఎంకయ్య పెదనాయినది. నాట్లప్పుడు నెలన్నర మంచం మీదున్నడు, మడి బీడువడ్డది." ఎంకయ్య ముందుకు వంగి తన పుల్లను చూసుకున్నాడు. "ఇది మా చిన్నవ్వది. ఇది గూడ ఆమెదే, రెండో కాలు. ఇది సత్తయ్య బిడ్డది, ఏడేండ్ల పోరిది." ఒక్కో పుల్లకూ ఒక్కో ఇల్లు, ఒక్కో ఏడు. మొహాలు చూస్తూ చెప్పాడు, గొంతెత్తలేదు. కొందరు తమ పుల్లను చేతిలోకి తీసుకుని, చూసి, మళ్లీ అక్కడే పెట్టారు. గుడ్డ మీద వరస పెరుగుతూ పోయింది. ఏ ఇంటికి ఆ ఇంట్లో ఒకటో రెండో ఉన్నవి, ఒకచోట చేరేసరికి ఊరంత అయ్యాయి. ఊరు వాటిని అలా ఎన్నడూ చూడలేదు.

"అన్ని ఒక్క బాయివే" అన్నాడు కృష్ణయ్య. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ఊరుకున్నాడు.

వెంకటేశానికి ప్రాణం గిలగిల కొట్టుకుంది. ఇప్పుడే కదా చెప్పాల్సింది, ధర్మం గురించి, పుట్టబోయే పిల్లల గురించి! నాలుక కొసదాకా వచ్చిన వాక్యాలను పళ్లతో పట్టి ఆపాడు. వేపపూలు గుడ్డ మీద రాలుతున్నాయి. ఎక్కడో చిలుక అరిచి ఊరుకుంది. ఎండ, నీడ, పుల్లలు, జనం, అన్నీ నీళ్ల అడుగున ఉన్నట్టు నెమ్మదిగా ఊగుతున్నాయి. ఇది కల కాదుగదా అని వెంకటేశం తన కాలి కింది మట్టి తడిమి చూసుకున్నాడు. ఇన్నేళ్లుగా వెతికిన నిశ్శబ్దం ఇదే. చెయ్యెత్తిన వాళ్లెవరూ లేరు.

పెంటమ్మ కదిలింది. వెనక్కి తిరిగి ఇంటి వైపు నడిచిపోయింది. జనంలో గుసగుస లేచింది. కృష్ణయ్య మొహం తెల్లబోయింది. ఆమె ఇంటి పుల్ల అడిగే ధైర్యం అతనికి లేకపోయింది, అదొక్కటే ఆ గుడ్డ మీద లేదు. డాక్టరు జేబులోంచి గడియారం తీసి చూసుకున్నాడు.

ఆమె మళ్లీ వచ్చింది. పిడికిలి మూసి ఉంది. గుడ్డ ముందు కూలబడి, పిడికిలి విప్పింది. అరిగి నల్లబడ్డ చిన్న పుల్ల. దానికి దారం రెండే రెండు చుట్లు.

"తెగింది" అంది పెంటమ్మ. "నా చేతిలనే తెగింది బిడ్డా. పొలంకాడికి పొద్దు పోతున్నదని జర గట్టిగ గుంజిన. తొమ్మిదో దినం పిలగాడు పోయిండు." పుల్లను మిగతావాటి పక్కన పెట్టింది, కదలకుండా రెండు వేళ్లతో అదిమి. "పన్నెండేండ్లసంది చూరుల దాసిన. ఎవ్వలు అడగలే." తలెత్తింది. "మెట్లు ఎన్నడు మూస్తరు?"

డాక్టరు వెంకటేశం వైపు వంగి, ఏమన్నదని ఉర్దూలో అడిగాడు. వెంకటేశానికి ఉర్దూ బాగా వచ్చు. అయినా ఆ పుల్ల వైపు చూపించాడు. డాక్టరు దాన్ని చూశాడు, పెంటమ్మను చూశాడు, కాగితం మోకాలి మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. వెనకనుంచి ఒక్కొక్కరే "ముయ్యుండ్రి" అనడం వినబడింది.

గోడ లేచి గిరక వచ్చేదాకా నీళ్లు గుడ్డతో వడగట్టి తాగాలని డాక్టరు చెప్పిన మాట ఈసారి వెంకటేశం అందరికీ తెలుగులో చెప్పాడు. కృష్ణయ్య పుల్లలన్నీ ఒక చాటలోకి ఎత్తాడు. నాలుగు గజాల గుడ్డను అక్కడికక్కడే ముక్కలు చింపి ఇంటికొకటి పంచారు. కలువ కళ్ల బొమ్మ ముక్క సత్తమ్మకు వచ్చింది. పెంటమ్మ తన ముక్కను తిప్పి చూసింది. జానెడు ఎర్రటి గీతలు.

"గీ రాతలేంది బిడ్డా?" అని వెంకటేశాన్ని అడిగింది.

వెంకటేశం చూశాడు. రక్ష, అని ఉంది.

"ఏం లేదవ్వా" అన్నాడు. "నేను తప్పు రాసిన."

పెంటమ్మ ఆ గుడ్డను రెండు మడతలు చేసి, కుండ మూతికి చుట్టి, చేత్తో నొక్కి చూసుకుంది.

"తప్పయితేంది" అంది. "నీళ్లు దిగుతయి గదా."